అడ్వాన్సు పోను

దేవుళ్లకు బంగారు రంగు పట్టీ,
పోయినోళ్లకు నల్లది,
పెండ్లి ఫోటోలకు ఏది చెప్తే అది.
పాలమూరు క్లాక్ టవర్ ఎనుక సందుల
ఇరవై రెండేండ్ల సంది నేను కోసిన చెక్కకు
ఇంతే శాస్త్రం.

మొన్న న్యూటౌన్ నుంచి ఒక ఆడిటర్ పిల్లగాడు
గొట్టంల చుట్టి నాలుగు బొమ్మలు తెచ్చిండు,
కొత్త ఆఫీసు గోడకట.
విప్పి, మూలలకు అద్దం ముక్కలు బరువు పెట్టిన.
దేవుడు లేడు, మనిషి లేడు.
ఇత్తడి పెట్టె నిండ పండ్ల చక్రాలు.
పౌడరు డబ్బాకు అంకెలు మొలిచినట్టు ఇంకోటి.
ఒకటైతే మూత తీసిన హార్మోనియం అనుకున్న.
"పాతకాలం లెక్కల మిషన్లక్కా,
కరెంటు లేనప్పటివి" అన్నడు.
ఐదువందలు అడ్వాన్సు చేతుల పెట్టి
పట్టీ ఏ రంగంటే నీ ఇష్టం అన్నడు.
వీటికి ఏ రంగో నాకేం ఎరుక?
టేకుది తీసిన.

నాలుగో బొమ్మ షట్టరుకు ఆనిచ్చి ఉంది.
పొద్దుగూకే యాళ్లకు
బీపీ గోళీల సంచి పట్టుకొని పోతున్న
హమీదుద్దీన్ మునిషి సాబు
దాని ముందర ఆగిండు.
నోరు ఏమనలేదు.
కుడి చెయ్యి మాత్రం
గాలిల ఒక చుట్టు తిరిగింది,
ఆగింది,
మళ్ల ఎనుకకు ఒక చుట్టు.

"ముందుకు తిప్పితే కలుపుడు,
ఎనుకకు తిప్పితే తీసేసుడు, బేటీ.
గుత్తేదారు గుడారంల రేకుపెట్టె మీద
పదకొండేండ్లు తిప్పిన.
కాలువ తవ్వేటోళ్లు అందరు మనోళ్లే.
గుంట నడుమ తవ్వకుండ ఇడిసిన సాక్షి దిబ్బకు
బద్ద పెట్టి లోతు కొలుస్తుంటిమి.
నిడివి, ఎడల్పు, లోతు,
కటకటమని కూలి చెప్తుండె మిషను.
ఆ మీద అడ్వాన్సు పోను ఎంతో చూడాలె గదా?
ఎనుకకు, ఎనుకకు, ఎనుకకు...
సున్నా దాటి కిందికి జారిందా,
టింగుమని గంట కొడుతుండె.
ఎడమ దిక్కు కిటికీలన్నిట్ల
తొమ్మిదులు నిలబడుతుండె."

కోయిలకొండ దిక్కు కుర్మయ్య అట.
పెండ్లాం, తమ్ముడు, తను,
ఆరు నెలలు మట్టి మోసి
గంట ఇని దగ్గరికొచ్చిండట.
అన్ని అంకెలు రావు గని
తొమ్మిది పెద్దదని ఎరుకే.
"ఇన్ని తొమ్మిదులు నాకేనా సాబూ?"

మునిషి సాబు ఆడికి ఆపిండు.
నేను ఏం అడగలేదు.
ఫెవికాల్ మూత కోసం దేవులాడిన,
అది చేతులనే ఉంది.

అంతల ఆయన బొమ్మ మీదికి వంగిండు.
"అరె, హ్యాండిల్ ఎడమ దిక్కుందేంది?
తిరగేసి అచ్చేసిండ్రు!"
నేనేమో ఆ అంకెలు
ఏదో దేశపు లిపి అనుకుంటి.
అమ్మకానికి పెట్టిన నిలువుటద్దం ముందుకు
బొమ్మను పట్టుకపోయిన.
హ్యాండిల్ కుడికొచ్చింది, అంకెలు సక్కగైనయి:
రెండు, సున్నా, నాలుగు, ఏడు.
కండ్లద్దాలు ఎత్తి పట్టి చానసేపు చదివిండు.
"ఎవరిదో లెక్క" అన్నడు,
"నడుమల ఇడిసిపోయిండ్రు."

ఆడిటర్‌కు ఫోన్ చేసి చెప్పిన.
"ఎవరు జూస్తరక్కా, డిజైనే గదా."
సరే అని అద్దం ఎక్కించిన, మొలలు కొట్టిన.

ఎనుక అట్ట మీద పెన్సిల్ తోటి
లెక్క రాసుడు నా అలవాటు.
పొడుగు, ఎడల్పు, రెండింతలు, అడుగుకింత.
గోడ దిక్కు మొఖం పెట్టే లెక్క, ఎవరూ చదవరు.
ఎనిమిదీ ఏడు పదిహేను,
ఐదు ఏసి, చేతిల ఒకటి.
చిన్నప్పుడు ఆ ఒకటి జారిపోతదని
నిజంగనే పిడికిలి మూసేదాన్ని.

కింద గీత గీసి
"అడ్వాన్సు పోను" అని రాసిన.
ఇంకా నాకే రావాలె.
అయినా ఒక చెవు
ఆ మిషను దిక్కే పెట్టి
తీసేసిన.