అడుగుకు ఒక నూలు

మన స్కేలు అబద్ధం చెప్తది సైదులూ,
అడుగుకు ఒక నూలు ఎక్కువ.
ఇనుము సల్లారితే కుంచుకపోతది.
పోయేదాన్ని ముందే కలిపి చెక్కుడే పని.

దామరచర్ల నుంచి పొద్దుగాల బస్సుకొచ్చి
ఐటీఐ కాయితం సంచిల పెట్టుకొని అడిగినవ్:
"ఇండ్ల ఫ్యూచరున్నదా మాస్టారూ?"

రైసుమిల్లు పుల్లీకి నేను చెక్కిన టేకు నమూనా
ఇసుకల అచ్చు పడంగనే బయటికి తీస్తరు,
అది ఖాళీ చేసిన జాగల ఇనుము వోస్తరు.
మిర్యాలగూడ మిల్లులల్ల తిరిగేది ఆ ఇనుమే.
నాది అటక మీద, దుమ్ముల,
సుద్దతోటి నంబరేసి: 214.

జీతమా?
అది గూడ నెలాఖరుకు కుంచుకపోతది,
దానికి ఎవ్వలు నూలు కలపలే.

పట్నంల మిషనొకటి రాత్రికి రాత్రి చెక్కుతదట,
చాయ్ గూడ అడగదట.
మొన్న సూడ పిలిస్తె పోయిన.
తెర మీద పుల్లీ రంగురంగులుగ తిరుగుతున్నది,
మస్తుగున్నది.
కొలిచిన. నూలు మర్చిపోయిండ్రు.
చెప్దునా వద్దా అని
నిమ్మళంగ చాయ్ తాగిన.
చెప్పిన.

ఫ్యూచర్ సంగతి నాకెర్కలే బిడ్డా.
ఆ రంద ఇటియ్యి,
ఈ అంచుకు వాలు సాల్తలేదు,
ఇసుక ఇడువదు.