ఉండి

మా పై వాటా మస్కట్ డబ్బు.
ఆరేళ్ళు ఒకరింట్లో అంట్లు తోమితే
ఒక హాలు, రెండు గదులు, బయటికి ఇనప మెట్లు లేచాయి.
రంగు ఆరకముందే అద్దెకడిగారు.
చెరువుల కంపెనీలో రొయ్యల డాక్టరట, థాయిలాండ్ మనిషి.
పెళ్ళాం, ఏడేళ్ళ పిల్ల, కుక్కరొకటి, పెట్టెలు నాలుగు.

పిల్ల ముద్దుపేరు కుంగ్. వాళ్ళ భాషలో రొయ్య.
"రొయ్యల ఊరికి రొయ్యనే తెచ్చుకున్నాడు" అని
మా ఆయన రెండ్రోజులు నవ్వాడు.
తల్లి పేరు వాన్‌పెన్. పున్నమినాడు పుట్టిందట.

స్టేషన్లో ఇవ్వాలని జిరాక్సులడిగితే
పాస్‌పోర్టులు మూడూ తెచ్చి నా చేతిలో పెట్టి
వెనక్కి జరిగి నిలబడింది.
ఆ నిలబడ్డం నాకు తెలుసు.

యజమానురాల్ని అక్కడ మామా అనాలి.
మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత రాలేదు.
నా పాస్‌పోర్టు ఆరేళ్ళూ మామా బీరువాలో,
అత్తరు సీసాల వెనక.
జిరాక్సు షాపుకి చెప్పుల్లేకుండానే పోయినట్టున్నాను.
వేడి తగ్గకముందే తెచ్చి ఆవిడ సంచీలో పెట్టి
జిప్పు నేనే లాగాను.

కరెంటు పోతే ఆయన మెట్లు దూకి బండెక్కుతాడు,
ఏరేటర్లు ఆగితే చెరువుకి ఊపిరాడదు.
ఆవిడ ఫోను లైటు వేసి పిల్లకి జడ అల్లుతుంది.
సంతలో వేళ్ళతోనే బేరం,
నాకంటే రెండు రూపాయలు తక్కువకే తెస్తుంది బెండకాయలు.

వీధిలో గొడవ చేపల రసం సీసాతో మొదలైంది.
"పైన ఏదో చచ్చిందే" అంది ఎదురింటి మంగతాయారు.
"చచ్చిందేనమ్మా. నువ్వు సావిడాయలు
బతికుండగా వేయిస్తావేంటి?"
అన్నాను గానీ,
మస్కట్‌లో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క ఎండు ముక్క వేశానని
పెనంతో సహా గోడవతల పారేసింది మామా.
ఆ పెనం ఇంకా కింద పడుతూనే ఉంది.

ఓ మధ్యాహ్నం పెరట్లో నా రోలు చూసి ఆగిపోయింది.
ముట్టుకోవచ్చా అని కళ్ళతో అడిగింది.
పచ్చి బొప్పాయి కోరు, మిరపకాయలు, బెల్లం, నిమ్మ, ఆ సీసా.
మా అమ్మ చింతకాయ దంచిన చప్పుడే,
కాస్త తొందరగా.
తిన్నాం. ఇద్దరికీ ముక్కూ కళ్ళూ ఏకం.
నాకైతే కారం. ఆవిడకి కారమో, కాదో!
అడగడానికి నా దగ్గర మాటేది?
ఉప్పుని మిల్హ్ అంటారని తెలిసేలోపు
నేను కూరలో మూడుసార్లు చక్కెర వేశాను.

పున్నమికి రొయ్య పెంకు విడుస్తుంది.
ఆ రాత్రి ఒళ్ళంతా మెత్తన,
మేత తగ్గించి గాలి పెంచాలంటాడు వాళ్ళాయన.
తెలీకుండానే మేమూ అదే చేశాం మొదటి నెలంతా:
ప్రశ్నలు తగ్గించాం, తలుపు తీసుంచాం.

నిన్న కుంగ్ తెలుగు వాచకం పట్టుకుని దిగింది.
"వచ్చి, తిని, చదివి, ఉండి..." అని ఆగి
"ఆంటీ, ఇది మన ఊరు కదా?"
మన అంది.
"ఊరూ అదే, మాటా అదే."
"ఉండి... తర్వాతేంటి?"
అది సగం మాట తల్లీ, వెనక ఇంకోటి రావాలి.
నేను అక్కడ ఉండి వచ్చేశాను.
మా చెల్లెలు ఉండి, ఉండి, అక్కడే ఉండిపోయింది.
మీ కంపెనీ కాగితంలో రెండేళ్ళని రాసుంది.
ఇదేదీ పైకి అనలేదు.
"టీచర్నడుగు" అన్నాను.

అప్పుడే పైనుంచి కేక, తెలుగులోనే.
"అక్కా, మోటారు!" అంది వాన్‌పెన్,
వెయ్యమందో, కట్టెయ్యమందో.
నేను లేచి వెళ్ళి
నడుస్తున్నదాన్ని కట్టేసి,
కాసేపాగి, మళ్ళీ వేశాను.