వంతుల చీటీ

అక్టోబరు ఒకటిన
ఉపదేశి బాలశౌరి గుడి తలుపుకి చీటీ అంటించాడు.
మరియమ్మ స్వరూపం
ముప్పైఒక్క రాత్రులు, ముప్పైఒక్క ఇళ్లు.

రాయప్ప పేరు లేదు.
రొయ్యల చెరువు ఉప్పునీళ్లు మా చేలోకి వదిలిన ఏడాది నుంచి
అతను గుడికి రాడు,
ఎవరూ రమ్మనరు. నేనూ అనలేదు.

చెప్పులు చేతబట్టుకుని
కాలవగట్టు బురదలో నడిచాం.
శౌరమ్మత్త జపమాలలో ఒక పూస ఊడింది,
ఆ చోట కొబ్బరిపీచు ముడేసుకుంది.
ముడి దగ్గర ఆమె గొంతు కాస్త ఆగుతుంది.
ఇన్నాసమ్మింట్లో ఉడికిన శనగలు,
లూర్దయ్యింట్లో బెల్లం టీ,
ఒకింట్లో ఏమీ లేక గ్లాసుడు మంచినీళ్లు.
అవే గుర్తున్నాయి.

పందొమ్మిదో రాత్రి వాయుగుండం.
వరి పొట్టమీదుంది.
వశిష్ఠ గట్టు తెగుతుందన్నారు.
నా చెంగు కింద మరియమ్మ,
నా భుజం పట్టుకుని అత్త,
వెలుగున్న ఇల్లు ఒక్కటే.

రాయప్ప తలుపు తీశాడు.
భుజం మీది తువ్వాలుతో
ముందు అమ్మ మొహం తుడిచి
తర్వాత మాకిచ్చాడు.

మూడు రాత్రులు నీళ్లు తియ్యలేదు.
మేత బస్తాల మధ్య దీపం పెట్టాం.
జపం మరిచిపోయుంటాడనుకున్నాను.
చావు మాటొచ్చే చోట
మా ఇద్దరికంటే ముందున్నాడు.

తిరిగొచ్చి చూస్తే
చీటీ మీద సిరా కారి
పేర్లు ఒకదాన్లోకొకటి దిగిపోయాయి.
కొత్తది రాస్తానన్నాడు బాలశౌరి.
నెల అయిపోవచ్చింది, రాయలేదు.
అడుగుతూ అడుగుతూ వెళ్తున్నాం,
ఈ రాత్రి ఎవరింటికని.

ఉప్పునీళ్ల తగువు మాత్రం
అలాగే ఉంది.