టన్ను రాయి

రుస్టెన్‌బర్గ్‌లో జులై అంటే
పానా పట్టుకున్న వేళ్ళు పానాకే అంటుకుపోయే చలి.
షట్టర్ ఇంకా సగమే ఎత్తాను,
పాత కరోలా ఒకటి వచ్చి గుమ్మానికి అడ్డంగా ఆగింది.
దిగింది మపూలా.
మా మాటలో ఆ పేరుకి వానతల్లి అని అర్థం.
పోయిన వానలకే ఆవిడ ఇంటి రేకులెగిరిపోయాయట,
మళ్ళీ మబ్బు పట్టేలోగా కప్పించాలట.

"కిందున్న ఆ డబ్బా కోసి తీసెయ్,
ఎంతిస్తావో ముందే చెప్పు" అంది
కుడి చెవి నా వైపు తిప్పి.
ఎడమది ఎప్పుడో గనిలోనే ఉండిపోయింది.

జాకీ ఎక్కించి
ఒరాటీల్వేని లైటు పట్టుకోమన్నాను.
పొగగొట్టం నడుమ
ఎలుకని మింగిన పాములా ఒక ఉబ్బు.
ఈ వీధిలో దాన్ని ఎవరూ పూర్తి పేరుతో పిలవరు,
క్యాట్ అంటారు,
పాలు పోసి పెంచిన పిల్లిని పిలిచినట్టు.

గ్రైండర్‌తో రెండు కోతలు.
నిప్పురవ్వలు నా బూట్ల మీద పడి ఆరిపోయాయి.
ఒళ్ళో గోనెపట్టా పరుచుకుని
వేడివేడి డబ్బా అడిగి తీసుకుంది మపూలా.
కోసిన మూతిలోంచి ఒంటికన్నుతో చూసింది.
లోపల తేనెపట్టు,
బూడిదరంగు పింగాణీది,
తేనె లేదు, ఈగ లేదు,
వేల వేల సన్నని గదులు.

"ప్లాటినం ఏదీ?"

కనపడదక్కా, అది పూత.
గోడకి సున్నం కొట్టినట్టు, అంతకన్నా పల్చన.
ఇటు విషంగా దూరిన పొగ
ఆ గోడల్ని ఒరుసుకుంటూ పోయి
అటు ఆవిరీ మామూలు గాలీ అయి తేలుతుంది.
పూత మాత్రం అలాగే ఉంటుంది,
పెళ్ళిళ్ళ పేరయ్యలాగా,
ఎవరెవరినో కలిపి పంపేసి
తను గుమ్మంలోనే నిలబడి.
కాకపోతే ముందు ఒళ్ళు వేడెక్కాలి.
చలిపొద్దున మొదటి నిమిషం
అదీ మనలాగే, పనికి లేవదు.

"ఎంతుంటుంది?"

అన్నీ కలిపి మూడు గ్రాములో, నాలుగో.

ఆవిడ వేళ్ళు మడిచింది.
కిలోమీటరు లోతున,
నిలబడటానికి చోటు లేని సందులో
పదిహేనేళ్ళు వించి తిప్పిన మనిషి.
లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు.
టన్ను రాయి లాగితే నాలుగు గ్రాములు.
"అంటే నేను లాగిన టన్ను ఒకటి
ఇన్నాళ్ళూ నా సీటు కిందే కూర్చుందన్నమాట!"
నవ్విందో దగ్గిందో తెలియలేదు.

ఆవిడదే అయ్యుండాలని ఏముంది?
అలా అనబోయి ఊరుకున్నాను.
ఓడెక్కి, సముద్రాలు దాటి,
ఎక్కడో పూతై, కారై, చేతులు మారి
పుట్టింటికి తిరిగొచ్చినా
తల్లి మాత్రం ఎలా గుర్తుపడుతుంది?

కాటా మీద పెట్టాను.
పద్దెనిమిది వందల రాండ్లు.
"చెవి తూచావా?" అంది.
నేను ముల్లు మీంచి తల ఎత్తలేదు.
ఇంకో వంద కలిపాను.
లెక్కపెట్టుకుని, మళ్ళీ లెక్కపెట్టుకుని
సాక్సులో దోపుకుంది.

ఖాళీ అయిన చోట మామూలు గొట్టం అతికించాను.
పొగ సంగతి అడిగేవాళ్ళు
ఈ రోడ్డు మీద ఇంతవరకు నాకు తగల్లేదు.
నేనూ ఎవర్నీ అడగను, రేకులకి డబ్బులు కావాలి,
నాకు షాపు అద్దె కావాలి.

తాళం తిప్పింది.
బండి ఒక్కసారి గొంతు చించుకుంది.
ఎదురు గోడ మీది పావురాలు లేచిపోయాయి.
నేను చెవులు మూసుకున్నాను.
మపూలా కిటికీలోంచి తల బయటపెట్టి,
మొహమంతా వెలుగుతో,
"అబ్బ! ఎన్నాళ్ళకి
నా బండి నాకు వినపడింది!" అంది.

వెళ్ళిపోయింది.
వాసన మాత్రం వెంటనే వెళ్ళలేదు,
షట్టర్ కింద, టీ కప్పులో, నాలిక మీద.
కాటా మీద క్యాట్ చల్లారుతూ
టిక్ మంది, కాసేపటికి ఇంకో టిక్.
ఒరాటీల్వే చొక్కా ముక్కు మీదికి లాక్కుని
"అన్నా, దీన్ని ఏ బస్తాలో వెయ్యను?" అన్నాడు.