ఎనభై ఎనభై

సెతూబల్‌లో పాత రేవు వీధి. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
దెయొలిందా గారు తలుపు సగమే తీసి
నా కార్డు మీది ఫొటోనీ నా మొహాన్నీ
మూడుసార్లు పోల్చి చూసింది.
ఈమె కంప్యూటరూ ఇలాగే ఉంటుందని
నాకు అప్పుడే తట్టాల్సింది.

రౌటరు పచ్చగా వెలుగుతోంది.
ఆమె ఫోనులో రేపటి వాన కనిపిస్తోంది,
ఎవరో పంపిన కోతి వీడియో ఆడుతోంది.
ల్యాప్‌టాప్‌లో మాత్రం పది రోజులుగా తెల్లటి పేజీ,
దాని మధ్య మర్యాదగా ఒకే ఒక వాక్యం.
"ఈ వాక్యం చదవడానికా
మీ వాళ్లకి నెలనెలా ముప్పై యూరోలు?"
నేను తీగ పీకి మళ్లీ గుచ్చాను.
మేం మొదట చేసేది అదే,
తెలిసినా, తెలియకపోయినా.

నల్ల కిటికీ తెరిచి పింగ్ కొట్టాను.
నాలుగు కేకలు, నాలుగు జవాబులు.
దారి బాగానే ఉంది,
గడప దగ్గరే ఏదో అడ్డం.

ఫైర్‌వాల్ జాబితా విప్పాను.
అనుమతించాలా అని అది అడిగిన ప్రతిసారీ
ఆమె వద్దంది.
బ్రౌజరు వద్దు, ప్రింటరు వద్దు,
టైము సరిచేసుకుంటానన్న గడియారమూ వద్దు.
పాపం అది ఏడు నిమిషాలు వెనకబడి ఉంది.
"పోయిన చలికాలం బ్యాంకు నుంచి అని ఒకడు ఫోన్ చేశాడు,
ఎంతో బాగా మాట్లాడాడు," అంది, నా వైపు చూడకుండా.
"నాలుగు వందలు."
నేను ఒక్కో పేరూ చదివాను.
ఆమె ఒక్కోదానికీ ఆలోచించి తలూపింది.
గడియారానికి వెంటనే ఊపింది.

అయినా అదే తెల్ల పేజీ.

అప్పుడు ప్రాక్సీ చూశాను:
పది చుక్క సున్నా చుక్క నాలుగు చుక్క రెండు,
పోర్టు ఎనభై ఎనభై.
"ఇదెక్కడి పోర్టు?" అని ఆమె కిటికీలోంచి
నిజం పోర్టు వైపు చూసింది.
"ల్యాప్‌టాప్ ఎక్కడ కొన్నారు?"
"కొనడమా! సార్డీన్ ఫ్యాక్టరీ మూశారు కదా, మార్చిలో.
మూడు నెలల జీతానికి బదులు
నాకిది ఇచ్చారు, ఫిలొమేనాకి చక్రాల కుర్చీ,
గేటు దగ్గరి అబీలియోకి గోడ గడియారం."

అర్థమైంది.
నీళ్ల బిల్లు కట్టాలన్నా, మందుల షాపు వేళలు చూడాలన్నా
ఈ పెట్టె ముందు ఫ్యాక్టరీకి వెళ్తోంది,
తాళం వేసిన గేటు ముందు నిలబడి
బయటికి పోనా అని అడుగుతోంది.
దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు.
ఇక్కడ పూజారి సామాను సర్దుకుని
ఎప్పుడో వెళ్లిపోయాడు.
కాదనడానికైనా ఒకరుండాలి కదా.

ఇదే కొంచెం తేలిక మాటల్లో చెప్పాను.
ఆమె చాలాసేపు ఆ అంకెల్నే చూసింది.
"మెట్ల కింద గదిలో నల్ల బీరువా," అంది.
"రాత్రీ పగలూ గుర్రుమనేది, వెచ్చగా ఉండేది.
తలలు కోసే గదిలో మా కాళ్లు కొయ్యబారేవి.
మధ్యాహ్నం దాని వెనక మేజోళ్లు ఆరేసుకునేవాళ్లం.
ఒకరోజు ఆఫీసులో ఇంటర్నెట్ ఆగిపోయింది.
ఇంజనీరు వచ్చి వెనక నుంచి
పదకొండు జతలు తీశాడు,
ఏ జత ఎవరిదో అడగలేదు.
అదేనా ఇది?"
అదే అయి ఉంటుందన్నాను. నాకు తెలియదు.

అంకెలన్నీ నీలంగా ఎంచి డిలీట్ మీద వేలు పెట్టాను.
"అది చెరపాలా?"
"అక్కర్లేదు. ఈ చిన్న టిక్కు తీస్తే చాలు."
"అయితే టిక్కే తియ్యి."

తీశాను. అంకెలు బూడిదరంగుకి తిరిగి
అక్కడే ఉండిపోయాయి.
పేజీ తెరుచుకుంది, రంగులతో, ప్రకటనలతో,
కుకీలు ఒప్పుకుంటారా అన్న ప్రశ్నతో.
"వద్దను," అంది గట్టిగా.

సంతకం పెట్టించుకుని దిగుతున్నాను.
రెండో అంతస్తులో ఉండగా పైనుంచి కేక:
"బాబూ, గడియారం సరిగ్గా చూపిస్తోంది!"
ఆగాను. ఇంకేమైనా అంటుందేమో అని
కాసేపు రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను.
తలుపు మూసుకుంది, గొలుసు పడింది,
దాని మీద రెండో గొలుసు.