లెక్కకు రాని నాలుగు

యాసంగి వడ్లు దిగే నెల.
వేములపల్లి దాంక లారీల వరుస.
మిర్యాలగూడ ఎండకు రేకులు టపటపమంటున్న పొద్దు
మా మిల్లు గేటుకాడ దిగింది ఆ పిల్ల,
నెత్తిన పసుపు టోపీ, చేతిల పలకంత ఫోను.
పేరు శ్రావస్తి అట.

"క్వింటాలు వడ్లు పోస్తే
అరవై ఎనిమిది బియ్యం,
ఇరవై రెండు ఊక, ఆరు తవుడు.
కూడండి, తొంభై ఆరు.
మిగతా నాలుగు కిలోలు ఎటు పోతున్నాయి సార్?"
సేటు నా దిక్కు చూసిండు.

నేను డ్రైవర్ను,
స్టీరింగు లేని డ్రైవర్ను.
మిల్లు నడిపేటోన్ని మా దిక్కు అట్లనే పిలుస్తరు.
రబ్బరు రోలు అరిగిందని
ఇరవై ఆరేండ్ల సంది చెవితోనే పసిగడుతున్న.
నాలుగు కిలోల సంగతి
ఇప్పటిదాంక ఎవరూ అడగలే.

ఊక బాయిలరుకు, బూడిద ఇటుకబట్టీకి,
తవుడు నూనె మిల్లుకు,
మా కాడ పారేసేదేదీ లేదు బిడ్డా అన్న.
రాసుకోలే.

మూడు దినాలు కొలిచింది.
లారీ నుంచి గుంత దాంక లచ్చుమయ్య
ఒక్క మూట మొయ్యడానికి నలభై ఒక్క సెకండ్లు.
అందుల తొమ్మిది వృథా అని ఎర్రగ గీసింది.
ఆ తొమ్మిదిల ఆయన ఏం జేస్తడో నాకెరుక.
కొక్కెం దిగిన చిల్లులకెళ్లి ఒక గింజ తీసి
పంటికింద వేస్తడు.
టక్కుమంటే గుంతలకు,
మెత్తగ నలిగితే పక్కకు, ఎండకు.
తేమ చూసే మిషను వచ్చి పదేండ్లాయె,
ఆ పన్ను రిటైరు కాలే.

ఇగ నాలుగు.
ఒకటి ఆవిరి.
ఉడికిన వడ్లు డ్రయ్యర్ల చేరి
తమ నీళ్లు తాము విడిచిపెడతయి.
దాన్ని నష్టమంటే
చాకిరేవు బట్టలు కూడ నష్టమే.

ఇంకోటి దుమ్ము.
పైపులు పట్టినంత పట్టి
మిగిలింది వెనకింటోళ్ల పప్పుల పడుతది,
మిగిలింది నా ఛాతీల.
నల్లగొండ దవాఖానల ఫొటో తీసి
సిగరెట్లు ఎన్ని తాగుతవని అడిగిండు డాక్టరు.
ఒక్కటి గూడ లేదు సార్,
అంత బీపీటీయే అన్న.

మూడోది ఇద్దమ్మ.
సార్టెక్సు రాకముందు
పద్దెనిమిది మంది ఆడోళ్లు చాటలతోని కూసుండి
నల్ల గింజలు ఏరేటోళ్లు.
మిషను మంచిదే, నేను కాదనను.
కండ్లు మూసి తెరిచేలోపు గాలి ఊది
నల్లదాన్ని ఎగరగొడుతది.
పక్కనున్న రెండు మంచియి గూడ ఎగిరిపోతయి,
అది దాని చేతగానితనం కాదు,
దాని వేగం.
పదిహేడు మంది పోయిన్రు.
ఇద్దమ్మ చీపురుతోని మిగిలింది.
ఎలివేటరు అడుగున రాలిన నూకలు
పొద్దుగూకంగ ఆమె కొంగులకు.
పెద్దసేటు నోటిమాట అది, కాయితం లేదు.

శ్రావస్తి టార్చి ఏసుకొని
ఆ ఎలివేటరు కిందనే మోకాళ్ల మీద కూసుంది.
"ఇక్కడొక బోల్టు వదులుగా ఉంది."
ఉంటది.
అర చుట్టు వదులు.
పదహారేండ్ల కింద
పందొమ్మిది నంబరు పానాతోని
నేనే తిప్పి పెట్టిన.

ఏమీ అనలే నేను.
పానా తెచ్చి బిగించిన.
తెల్లారి లెక్క మూడున్నర.
సేటు చాయ తెప్పిచ్చిండు అందరికి.
ఇద్దమ్మ నున్నటి గచ్చును రెండుమార్లు ఊడ్చి
చీపురు గోడకానించి
నా దిక్కు గూడ చూడకుంట పోయింది.

రిపోర్టుల నాలుగో కిలో ముందర
ప్రశ్న గుర్తు పెట్టిందట శ్రావస్తి.
నిజం చెప్పాలె గదా,
అది ఎటు పోతదో నాకు గూడ తెల్వదు.
ఎలుకలేమో, తూకమేమో.

నిన్న రాత్రి రెండో షిఫ్టు.
బాయిలరు ముందు ఊక పోస్తున్న పోరడు కునుకుతుండు.
పానా జేబులేసుకొని
ఎలివేటరు కిందికి దూరిన.
ఆ పిల్ల కష్టం గూడ యాదికొచ్చింది,
మోకాళ్లకు అంటిన తవుడు గూడ.
అందుకే అర చుట్టు తిప్పలే.

పావు.