ముప్పై ఒక్క చుక్కలు

తూకం మీద నిలబడలేకపోయాడు.
అంచనాగా రాశాను, యాభై రెండు కిలోలు.
మొదటి పదికి నలభై, తర్వాతి పదికి ఇరవై,
మిగిలిన ముప్పై రెండుకీ ఒక్కొక్కటి.
గంటకి తొంభై రెండు మిల్లీలీటర్లు.
ఇరవైతో హెచ్చించి అరవైతో భాగిస్తే
నిమిషానికి ముప్పై ఒక్క చుక్కలు, రవ్వంత తక్కువ.
వాడేసిన సిరంజీల అట్టపెట్టె వెనక
ఎలీశమ్మ సిస్టర్ నేర్పిన లెక్క.
"ఊపిరి గురగురమంటే ఈ లెక్క చించెయ్యవే" అని కూడా ఆమే చెప్పింది.

దర్శి ఆస్పత్రి. మే నెల. కరెంటు లేదు.
సెల్లు వెలుగులో వాచీ చూస్తూ చక్రం తిప్పుతుంటే
ఎండిన పెదాలతో అడిగాడు:
"ఎన్ని క్యూసెక్కులమ్మయ్యా?"

శింగరకొండయ్య, సాగర్ కాలవ మీద లస్కరు.
ముప్పై నాలుగేళ్ళు షట్టర్లు తిప్పిన చెయ్యి.
నరం దొరక్క మూడుసార్లు గుచ్చాను.
నీళ్ళు రాని నెలలో కూడా
గేజీ చూడ్డానికి మిట్టమధ్యాహ్నం పోతాడంట.
సాయంత్రం రెండు సీసాలు జోరుగా ఎక్కించాం.
గుండె పెద్దదయింది, ఇక నెమ్మదిగా అన్నాడు డాక్టరు.

ఆదెమ్మకి నెమ్మది నచ్చలేదు.
"రెండ్రోజులు తిండి లేని మనిషి,
ఆ సీసాలో అన్నమంత బలం ఉంటదిగా, గబగబా ఎక్కనీ."
చెప్పలేకపోయాను.
ఆయనకి రోజుకి పదమూడొందల క్యాలరీలు కావాలి.
సీసాలో ఉన్నది పాతిక గ్రాముల చక్కెర,
ఒక జొన్నరొట్టెకి సాటిరాదు.

రెండింటికి కాన్పు గదిలోకి పరిగెత్తాను.
తిరిగొచ్చేసరికి ఆదెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.
చక్రం ఆయన చేతిలో ఉంది.
"మొత్తం లేపేసింది. షట్టర్ ముట్టుకోమాకంటే ఇన్లా.
చివరి భూములోళ్ళూ ఇంతే, అర్ధరాత్రి వచ్చి లేపేవోళ్ళు.
వాళ్ళదీ దప్పికే. ఏమన్నా అంటే నోరు రాదు.
తెల్లారేసరికి కట్టకి గండి."

రొమ్ము మీద స్టెత్ పెట్టాను. గురగుర లేదు.
చుక్కలు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.
"వాచీ లేకుండా ఎట్టా?"
"ఇందాక నువ్వు లెక్కేసేప్పుడు నాడి పట్టుకున్నా.
మూడు కొట్టుకుంటే ఒక చుక్క."
పట్టి చూశాను. తొంభై మూడు.

ఆ తర్వాత వాళ్ళిద్దర్నీ వదిలేసి
నాలుగో మంచం పసిబిడ్డ దగ్గర కూర్చున్నాను.
అక్కడ లెక్క వేరు, సీసా వేరు, భయం వేరు.

ఆరింటికి వచ్చి చూస్తే
ఇరవై ఎనిమిదే పడుతున్నాయి.
రెండోసారి లెక్కపెట్టినా ఇరవై ఎనిమిదే.
చక్రం మీద వేలు అట్లాగే ఉంచి, మెలకువగా,
పెదాలు కదుపుతున్నాడు: మూడుకొకటి, మూడుకొకటి.
నాడి ఎనభై నాలుగు.
దిద్దబోయి ఆగాను.

మంచం కింద డబ్బాలో రెండొందల మిల్లీ.
షీటు మీద 'బయటికి' అన్న గడిలో
మొదటి అంకె రాస్తుంటే తల ఎత్తి చూశాడు.
"ఎంత వదిలానమ్మయ్యా?"